వాహక రాగి మిశ్రమలోహాలు

శుద్ధమైన రాగికంటే అధిక బలం కలిగి, విద్యుద్వాహకతను ఎక్కువగా కోల్పోని లోహాలను వాహక రాగి మిశ్రమలోహాలు అంటారు. రైల్వే విద్యుత్ తీగలు, వెల్డింగు ఎలక్ట్రోడ్ల తయారీలో వీటిని వాడతారు.

రైలు మార్గాలలో

సికింద్రాబాదు - మహబూబ్ నగర్ మధ్య 85 కి.మీ. రైలు మార్గపు డబ్లింగు, విద్యుదీకరణ పనులు 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమయ్యాయి. భారతీయ రైల్వేల 25 కిలోవోల్టుల మార్గాలలో పట్టాలపైన సాధారణంగా రెండు తీగలుంటాయి. ఇంజనుపై ఉండే పాంటోగ్రాఫ్ తాకే క్రింది తీగ కాంటాక్ట్ వైరు. దీనిని సాగదీసి గట్టిపరచిన రాగితో చేస్తారు. దానిని మోసే పై తీగ కాటెనరీ. దీనికి సుమారు 1 శాతం కాడ్మియం కలిపిన రాగిని చాలాకాలంగా వాడుతున్నారు. ఒక్కొక్క తీగను సుమారు 1000 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగి ఉంచుతారు. తీగ సాగితే పాంటోగ్రాఫ్ స్పర్శ తప్పుతుంది. వాహకత తగ్గితే తీగ వేడెక్కి విద్యుత్తు వృథా అవుతుంది.

బలం, వాహకత

రాగిలో కరిగిన ఇతర పరమాణువులు బలాన్ని పెంచుతాయి, కాని ఎలక్ట్రాన్ల ప్రవాహానికి అడ్డుపడతాయి. ఈ వైరుధ్యమే ప్రధాన సమస్య.

అవక్షేపణ పద్ధతి

క్రోమియం, జిర్కోనియం స్వల్పంగా కలిపిన రాగిని సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, వెంటనే నీటిలో చల్లారుస్తారు. తరువాత 450-500 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు కరిగివున్న మూలకాలు సూక్ష్మకణాలుగా వేరుపడతాయి. ఈ కణాలు లోహానికి బలాన్నిస్తాయి. చుట్టూ మిగిలిన రాగి దాదాపు శుద్ధమవుతుంది. అందువలన బలం, వాహకత రెండూ పెరుగుతాయి. వాహకత శుద్ధ రాగి వాహకతలో సుమారు 80 శాతానికి చేరుతుంది.

ప్రత్యామ్నాయాలు

కాడ్మియం ఆవిరి విషపూరితం. అందుచేత మెగ్నీషియం లేదా తగరం కలిపిన రాగి తీగలు దానికి ప్రత్యామ్నాయాలుగా వాడుకలోకి వచ్చాయి.