రోబోటుల పుట్టుక

‘రోబోటు’ అను మాట ప్రయోగశాలలో గాక నాటకరచనలో పుట్టినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకమును ప్రకటించెను. అందలి కృత్రిమ మానవులకు తొలుత ‘లాబొరి’ యని పేరిడదలచెను గాని, అది పుస్తకాల మాటగా తోచెను. చిత్రకారుడైన అన్న యోసెఫ్ కుంచె నోట కరచుకొనియే ‘రోబోటులు’ అనుమని చెప్పెనట! చెక్ భాషలో ‘రోబోటా’ యనగా వెట్టిచాకిరి.

ఈ రోబోటులు ఇనుప బొమ్మలు కావు. రక్తమాంసములను బోలిన పదార్థముతో చేయబడినవి. వృద్ధుడగు రోసుమ్ అను శాస్త్రజ్ఞుడు అచ్చముగా మానవునే నిర్మింపబూని విఫలుడయ్యెను. అతని బంధువగు యువ ఇంజనీరు, పనివానికి సంతోషమేల, సంగీతమేల యని తలచి, అక్కరలేనివన్నియు తీసివేసెను. యంత్రములలో చేతులు నలిగినను రోబోటులు లెక్కచేయకుండుటచే, వానికి నొప్పి తెలియునట్లు చేయుటకు వైద్యుడొకడు పూనుకొనెను. అది దయ గాదు, నష్టనివారణము.

రోబోటుల రాకకు శ్రామికులు తిరుగబడగా, వారిని అణచుటకై జనులు వాని చేతికి ఆయుధములిచ్చిరి. పిదప ప్రభుత్వములు వానినే సైనికులను చేసి యుద్ధములు సాగించెను. పదేండ్లు గడచునప్పటికి అవి మానవజాతిపైకే లేచెను. నిర్మాణరహస్యమున్న వ్రాతప్రతినిచ్చి ప్రాణములు దక్కించుకొందమని కర్మాగారమువారు తలచిరి. దానిని హెలీనా యను స్త్రీ అంతకుముందే అగ్నిపాలు చేసియుండెను.

రోబోటులు ఆల్క్విస్ట్ అనువానిని మాత్రము చంపలేదు. అతడు తమవలె చేతులతో పనిచేయువాడు. సంతానము లేని తమ జాతి నశించుచున్నదనియు, ఆ రహస్యము చెప్పుమనియు అవి అతనిని వేడుకొనెను. అతడు భవనములు కట్టువాడు, ఆ రహస్యమెరుగడు.