పాటలు పాడేవాళ్లు కట్టించుకున్న మేడ

రాజులు కోటలు కట్టించారని, నవాబులు మహళ్లు కట్టించారని మన సోషల్ పుస్తకంలో చదువుతాం గదా. పాటలు పాడేవాళ్లు తమ కోసం కట్టించుకున్న మేడ ఒకటి ఉంది. అది స్పెయిన్ దేశంలో బార్సిలోనా పట్నంలో ఉంది. దాని పేరు పలావ్ డి లా మూజికా కాటలానా. అంటే కాటలాన్ సంగీత భవనం.

ఎవరు కట్టించారు?

బార్సిలోనా ఉన్న ప్రాంతాన్ని కాటలోనియా అంటారు. స్పెయిన్ అంతా స్పానిష్ భాష నడిచినా వీళ్లకు కాటలాన్ అనే సొంత భాష ఉంది. 1891లో లూయిస్ మిల్లెట్, అమదేవు వీవెస్ అనే ఇద్దరు ఓర్ఫెయో కాటలా అనే పాటల బృందం పెట్టారు. ముందు మగవాళ్లే పాడేవాళ్లు. కొన్నేళ్లకు ఆడవాళ్లను కూడా చేర్చుకున్నారు. బృందం పెద్దదైంది, సొంత చోటు కావాల్సి వచ్చింది. చందాలు పోగుచేసి 1905లో పునాదిరాయి వేశారు. 1908 ఫిబ్రవరి 9న ప్రారంభించారు. అంటే మూడేళ్లు కూడా పట్టలేదు.

ఎట్లా కట్టారు?

ప్లాను గీసిన ఆయన లూయిస్ డొమెనెక్ ఇ మొంటానెర్. ఆయనకు దొరికిన స్థలం పాత ఊళ్లో, ఇరుకు వీధుల మధ్య ఉంది. అలాంటి చోట లోపలికి వెలుతురు ఎట్లా వస్తుంది? అందుకని ఆయన ఇనుప దూలాలు వాడాడు. బరువంతా ఇనుమే మోస్తుంది కాబట్టి గోడల నిండా రంగుటద్దాలు పెట్టొచ్చు. పగలు కచేరీ జరిగితే దీపాలు అక్కర్లేదు.

పైకప్పు మధ్యలో పెద్ద రంగుటద్దాల గుమ్మటం ఉంది. మామూలు గుమ్మటం పైకి ఉబ్బుతుంది. ఇది కిందికి, గంట లాగా వేలాడుతుంది. నడిమిలో సూర్యుడిలా పసుపు, చుట్టూ నీలం. ఆ నీలంలో పాడే ఆడవాళ్ల ముఖాలు ఉన్నాయి. వేదిక వెనక గోడకు 18 మంది సంగీత దేవతలు. వాళ్లకు నడుము పైభాగం శిల్పం, కింది భాగం గోడమీద రంగురాళ్లతో అతికించిన బొమ్మ. బయటి వసారా స్తంభాలకు పింగాణీ పెంకు ముక్కలతో పూలు అతికించారు. ఒక స్తంభం మీది పూలు ఇంకో స్తంభం మీద లేవు. హాల్లో సుమారు 2,000 మంది కూర్చోవచ్చు.

పాట ఆపమన్న రోజులు

1939లో యుద్ధం గెలిచి ఫ్రాంకో అనే నియంత స్పెయిన్‌ను పట్టుకున్నాడు. బడిలో, ఆఫీసులో కాటలాన్ భాష వాడొద్దన్నారు. ఈ భవనం పేరు కూడా స్పానిష్‌లోకి మార్చేశారు. 1960 మే 19న ఇక్కడ కచేరీ జరిగింది. కాటలాన్ జెండా మీద ఉన్న ఒక పాటను పాడకూడదని అధికారులు ముందే ఆపేశారు. అయినా జనంలో కొందరు లేచి నిలబడి ఆ పాటే అందుకున్నారు. పోలీసులు కొట్టారు, పట్టుకుపోయారు. ఆ కేసులో జైలుకు వెళ్లిన జోర్డి పుజోల్ 1980లో కాటలోనియా ప్రభుత్వానికే అధ్యక్షుడయ్యాడు. ఫ్రాంకో 1975లో చనిపోయాడు. పాట మాత్రం ఉంది. 1997లో యునెస్కో ఈ భవనాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

ఇది చదివాక నాకు ఒకటి తోచింది. మన భాషలో పాడొద్దని మనల్ని ఏ పోలీసూ కొట్టడంలేదు. అయినా మా అమ్మమ్మకు వచ్చిన రేలా పాటల్లో సగం కూడా నాకు రావు. అడిగితే ఆమె పాడుతుంది, నేనే అడగను. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక్కో పాట రాసుకురండి. కోయలో ఉన్నా సరే, ఏ భాషలో ఉన్నా సరే, తెలుగు అక్షరాల్లో రాయండి. మన గోడపత్రికలో పెడదాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని