వేడినీళ్లలో గంధకపు కంపు – కారణాలు, నివారణ



"నూతిలోనుంచి తోడినప్పుడు నీళ్లు బాగానే ఉంటాయండీ. గీజరులోనుంచి వచ్చేసరికి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతున్నాయి. నుయ్యి పాడైందంటారా?" అని పలువురు అడుగుతూ ఉంటారు. కొందరు అడగకుండానే కొత్త బోరు వేయించి డబ్బు వదిలించుకుంటారు. ఆ బోరు నీళ్లు కూడా అదే గీజరులోకి వెళ్లి అదే కంపు కొడితే అప్పుడు విచారిస్తారు. కాబట్టి ఖర్చు పెట్టకముందే కంపు ఎక్కడ పుడుతున్నదో కనిపెట్టాలి.

ఈ కంపు హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువుది. భూమిలోని నీటిలో సల్ఫేటు అనే లవణం కొద్దో గొప్పో ఉంటుంది. గాలి సోకని చోట పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు ఆ సల్ఫేటును ఈ వాయువుగా మారుస్తాయి. ఆకూ అలమూ కుళ్లి పూడుకుపోయిన మట్టిపొరలు వాటికి అనుకూలం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. అందుచేత ఉప్పునీరు కలిసే తీరప్రాంతపు నూతులలో ఈ బెడద రావడానికి అవకాశం ఎక్కువ. ఈ నీటివల్ల రాగి, ఇత్తడి, వెండి సామాను కూడా నల్లబడుతుంది.

ఇక పరీక్ష. మూడు శుభ్రమైన గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో నూతినుంచి గాని బోరునుంచి గాని నేరుగా పట్టిన నీళ్లు, రెండవదానిలో ఇంట్లోని చన్నీళ్ల కుళాయి నీళ్లు, మూడవదానిలో వేడినీళ్లు పట్టండి. బయటినుంచి వచ్చిన వారిచేత వాసన చూపించండి. ఇంట్లో ఉన్నవారి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి ఉంటుంది.

వేడినీళ్లు మాత్రమే కంపు కొడితే దోషం గీజరుది. గీజరు తొట్టి తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ అమర్చుతారు. అది తాను కరిగిపోతూ తొట్టిని కాపాడుతుంది. అయితే ఆ కరగడంలో జరిగే రసాయనిక చర్య సూక్ష్మజీవులకు తోడ్పడుతుంది. గీజరును గోరువెచ్చగా ఉంచినా, రోజుల తరబడి వాడకుండా వదిలినా అవి మరింత పెరుగుతాయి. దీనికి రెండు పనులు చేయాలి. మొదటిది, సేఫ్టీ వాల్వు సరిగా ఉన్నదని చూసుకొని, నీటిని 70 డిగ్రీల సెంటీగ్రేడుకు కాచి కొన్ని గంటలు ఉంచి, ఆ తరువాత కుళాయిలగుండా వదిలివేయాలి. ఆ వేడినీళ్లు ఒళ్లు కాలుస్తాయి. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. రెండవది, కంపు మళ్లీ వస్తే కరెంటు ఆపి, మెకానిక్కుచేత మెగ్నీషియం కడ్డీ తీయించి అల్యూమినియం–జింకు కడ్డీ పెట్టించాలి. కడ్డీ తీసి ఊరకే వదిలితే తొట్టి తుప్పు పడుతుంది.

కట్టెలతో కాచే రాగి బాయిలరులో ఇటువంటి కడ్డీ ఉండదు. దానిలోనూ కంపు వస్తే వాయువు నూతినీటిలోనే ఉన్నదన్నమాట. చన్నీళ్లలో అణిగి ఉన్న వాయువు వేడి తగలగానే పైకి వస్తుంది.

నూతినీళ్లు బాగుండి, ఇంట్లోని చన్నీళ్లు, వేడినీళ్లు రెండూ కంపు కొడితే ట్యాంకులోను, గొట్టాలలోను చేరిన పాచి కారణం. ట్యాంకు కడిగి, బ్లీచింగు పౌడరు నీటితో శుద్ధి చేస్తే సరిపోతుంది.

మూడు గ్లాసులూ కంపు కొడితే నూతిని చూడాలి. ముందుగా మరుగుదొడ్డి గుంట, పశువుల పెంట ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. కనీసం 15 మీటర్ల ఎడం ఉండాలి. మంచి నీళ్లు ఉన్నట్టుండి కంపు కొట్టాయంటే మురుగు దిగుతున్నదేమోనని అనుమానించి, పరీక్ష అయ్యేవరకు తాగడం మానాలి.

మురుగు దోషం లేకపోతే నూతికి గట్టి మందు వేయవచ్చు. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీరు ఉన్న గుండ్రని నూతిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. వెయ్యి లీటర్లకు 200 గ్రాముల చొప్పున తాజా బ్లీచింగు పౌడరు 1 కిలో 900 గ్రాములు పడుతుంది. బకెట్టుకు 100 గ్రాములు మించకుండా కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రమే నూతిలో పోయాలి. అడుగున మిగిలిన సున్నాన్ని నూతిలో వేయరాదు. ప్రతి కుళాయిలోను మందు వాసన వచ్చేవరకు నీళ్లు వదిలి, రాత్రంతా అలాగే ఉంచాలి. మర్నాడు ఆ వాసన పోయేవరకు నీళ్లు తోడి పారబోయాలి. ఆ నీళ్లు పైరుకు గాని, చేపల చెరువుకు గాని పెట్టకూడదు. బ్లీచింగు పౌడరులో ఆసిడ్ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

వాయువు భూమి పొరలలోనే పుడుతుంటే కొన్నాళ్లకు కంపు తిరిగి వస్తుంది. అప్పుడు నీటిని ఎత్తునుంచి జల్లుగా ట్యాంకులో పడనిస్తే వాయువు చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ట్యాంకుకు గాలి ఆడే మార్గం ఉంచి, దోమలు చొరకుండా సన్నని వల కట్టాలి.

గ్రామ కార్యకర్తలకు ఒక మాట. తాగేనీటి ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ప్రకారం ఈ వాయువు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదు. సీసాలో నీళ్లు పట్టి ఊరకే పంపితే దారిలోనే వాయువు ఎగిరిపోతుంది. కాబట్టి ప్రయోగశాలవారు మందు వేసి ఇచ్చే సీసానే వాడాలి. మలినాన్ని కనిపెట్టడానికి మనం వాడే, నల్లబడే సీసా పరీక్ష ఈ నీళ్లకు పనికిరాదు. నీటిలో ముందే ఉన్న వాయువుకే ఆ సీసా నల్లబడవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. కంపు కొట్టే నూతిలో పూడిక తీయడానికి ఎవరూ దిగవద్దు. ఈ వాయువు గాలికంటె బరువు, అడుగునే నిలుస్తుంది. కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయిందని దిగినవాడు తిరిగి రాడు. లాంతరు దించి చూడడం నమ్మదగిన పరీక్ష కాదు. దీపం వెలుగుతూ ఉన్నా ఈ వాయువు మనిషిని చంపగలదు. లోపల ఎవరైనా పడిపోతే ఆత్రపడి రెండవవారు దిగవద్దు. వెంటనే 101కు ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

మూడు గ్లాసుల పరీక్షకు పైసా ఖర్చు లేదు. ముందు అది చేసి, ఆ తరువాతనే గీజరు మెకానిక్కునో, బోరు యంత్రాన్నో పిలవండి.