ఆకాశము నుండి కొల్లేటి సీమ కొలత

సార్వా నాట్ల రోజులలో ఏలూరు నుండి కైకలూరు పోవు దారిలో గట్టు మీద నిలిచి చూచినచో కనుచూపు మేర నీరే కనపడును. అందు కొంత అప్పుడే నాటిన వరిచేను, కొంత చేపల చెరువు, కొంత కొల్లేరు. ఆ ఊరి రైతు ఏది ఏదో వెంటనే చెప్పగలడు. కాని సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమునకు ఈ మూడును ఒకే తీరుగా కనపడవచ్చును. ఈనాడు పంటల విస్తీర్ణమునకు, వరద ముంపునకు ఉపగ్రహ చిత్రములను వాడుచున్నారు. కనుక ఆ చిత్రములు ఎట్లు తయారగునో, వానిలో పొరపాటు ఎక్కడ వచ్చునో రైతులు తెలిసికొనుట మంచిది.

ఉపగ్రహము ఏమి చూచును?

ఎండ నేల మీద పడి తిరిగి పైకి పోవును. ఆ వెలుగులో మన కంటికి కనపడని పరారుణ కిరణములు కూడ ఉండును. ఆరోగ్యముగా ఉన్న ఆకు వీనిని ఎక్కువగా త్రిప్పి పంపును. నీరు దాదాపు పూర్తిగా మ్రింగివేయును. అందుచేత ఈ పటములలో పచ్చని పైరును ఎరుపుగాను, నీటిని నలుపుగాను చూపుట వాడుక. పైరు ఎర్రగా ఉన్నదని చూచి తెగులని భ్రమపడరాదు.

మన దేశమున ఈ పని మొదట విమానములతో ఆరంభమైనది. 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరి వేరు తెగులును కనిపెట్టుటకు ప్రొఫెసర్ పిషారటి నాయకత్వమున హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముతో ఫోటోలు తీసిరి. 1974-75లో మన అనంతపురం జిల్లాలోను, పంజాబులోని పటియాలా జిల్లాలోను విమానము నుండి ఫోటోలు తీసి పంటలను లెక్కించు ప్రయత్నము జరిగినది. 1988 మార్చి 17న మన దేశపు మొదటి పూర్తిస్థాయి దూరపరిశీలక ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఎ ఆకాశమున చేరినది. హైదరాబాదులోని జాతీయ దూర పరిశీలన కేంద్రము ఈ చిత్రములను అందించుచున్నది.

చిత్రము గళ్ళు గళ్ళుగా ఉండును. ఐ.ఆర్.ఎస్.-1ఎ లోని లిస్-1 కెమేరాకు ఒక గడి అనగా నేల మీద సుమారు ఒకటింబావు ఎకరము. తరువాత వచ్చిన లిస్-3 కెమేరాకు అది సుమారు 14 సెంట్లు. నేడు ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రములలో రెండున్నర సెంట్లే. గడి ఎంత చిన్నదైన గట్టు, చేను అంత స్పష్టముగా విడివడును.

కొల్లేటి విషయము

2001 ఫిబ్రవరి 9న ఐ.ఆర్.ఎస్.-1డి తీసిన చిత్రమును ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి సుమారు 42 వంతులు చేపల చెరువులు, మరి 8.5 వంతులు వ్యవసాయము క్రింద ఉన్నవి. లోపలి చెరువుల సంఖ్య 1,050. తేటనీరు ఎక్కడను కనపడలేదు.

సరస్సును +5 అడుగుల కాంటూరు వరకు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించినది. గట్లు తెగగా అనేక కుటుంబములకు జీవనాధారము పోయినది. గట్లు అడ్డుగా ఉన్నంతకాలము బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఉప్పుటేరునకు త్వరగా చేరక పై చేలకు ముంపు బెడద పెరిగినది. గీత ఎటు జరిగినను ఒకరి బ్రతుకు మీదనే పడును. కాని మామూలు ఉపగ్రహ చిత్రము నేల ఎత్తును చూపదు. దానికి నేల మీద లెవెలు పట్టవలెను. లేదా విమానము నుండి లేసరు కిరణములు పంపి కొలువవలెను. ఈ పల్లపు భూములలో అరడుగు తేడా వచ్చినను గీత చాల దూరము జరుగును.

మూడు నీళ్ళను వేరుచేయుట ఎట్లు?

ఒక్క చిత్రముతో ఇది సాధ్యము కాదు. పంటకాలమంతయు వరుసగా చూడవలెను. వరిచేను మొదట నీరు, తరువాత పచ్చదనము, ఆపై పండిన పసుపు, చివరకు మోళ్ళు. చేపల చెరువు నెల తరువాత నెల నీరుగానే ఉండును. గుర్రపుడెక్క కప్పిన నీరు మాత్రము పైరువలె కనపడి మోసగించును.

సార్వాలో మబ్బులు మరియొక చిక్కు. ఎండతో పనిచేయు కెమేరాకు మబ్బు అడ్డము. రాడారు ఉపగ్రహము తన తరంగములను తానే పంపును గనుక మబ్బులోను, రాత్రివేళను చూడగలదు. 2022 ఫిబ్రవరిలో మన దేశము పంపిన ఇ.ఓ.ఎస్.-04 ఇట్టిదే.

నేల మీది సాక్ష్యము

అందుచేతనే పరిశీలక బృందములు పొలములకు వచ్చును. నిలిచిన చోటును, పంటను, నాటిన తేదీని వ్రాసికొనును. అట్టి స్థలములలో కొన్నిటితో యంత్రమునకు పంటల గుర్తులు నేర్పుదురు; కొన్నిటిని విడిగా దాచి, తయారైన పటము సరియో కాదో వానితో పరీక్షింతురు. తాడేపల్లిగూడెము దాటి మెట్ట వైపు పోయినచో కొబ్బరి, ఆయిల్‌పాం తోటల నీడన కోకో కనపడును. పైనుండి చూచువానికి చెట్ల తలలే తెలియును. క్రింద కోకో ఉన్నదని చెప్పవలసినది తోటలోనికి నడచిన మనిషే.

రైతులు, గ్రామాధికారులు చేయవలసినవి

1. ఈ-పంట నమోదులో సర్వే నంబరు వారీగా పొలములో ఉన్నదే వ్రాయించవలెను. చెరువును చేనుగా వ్రాయరాదు.

2. వరద వచ్చినపుడు ముంపు తేదీ, లోతు, నీరు నిలిచిన రోజులు అప్పుడే వ్రాసి ఫోటో తీయవలెను. ఉపగ్రహము వచ్చులోపల నీరు తీసిపోవచ్చును.

3. పరిశీలకులు వచ్చినపుడు నాటిన తేదీ, వరి రకము, అంతర పంట సరిగా చెప్పవలెను.

4. పటములో తప్పు కనపడినచో ఈ ఆధారములతో వెంటనే గ్రామ వ్యవసాయ సహాయకునికి తెలియజేయవలెను.

పొలము హద్దును, పల్లమును, నీటి దారిని తరతరాలుగా ఎరిగినవారు రైతులే. వారు వ్రాయించిన వివరము నిజమైనచో పటమును నిజమగును.