ఒక శిలాద్రవం, రెండు ద్రవాలు: అమిశ్రణీయతపై వాదోపవాదాలు

కీలకపదాలు: శిలాద్రవం, అమిశ్రణీయత, అంశిక స్ఫటికీకరణం, బసాల్టు, స్కేర్‌గార్డ్

‘శిలాద్రవం’ అన్న సమాసం ఏకవచనంలోనే స్థిరపడింది. భూగర్భంలో కరిగి ఉన్నది ఒకే ద్రవమనీ, అది చల్లారితే ఒక శిల ఏర్పడుతుందనీ ఆ మాట వినగానే స్ఫురిస్తుంది. అయితే కొన్ని శిలాద్రవాలు పూర్తిగా గట్టిపడకముందే పరస్పరం కలవని రెండు ద్రవాలుగా విడిపోతాయి. ఈ లక్షణమే అమిశ్రణీయత. నీరు, నూనెల పోలిక ఇక్కడ సగమే సరిపోతుంది. అవి మొదటినుంచీ వేరువేరు ద్రవాలు. ఇక్కడ మాత్రం అధిక ఉష్ణోగ్రత వద్ద ఏకరూపంగా ఉన్న ద్రవమే చల్లారుతూ రెండవుతుంది.

సిలికేట్ ద్రవంలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గొలుసులుగా, వలలుగా అల్లుకొని ఉంటాయి. పొటాషియం, సోడియంల తోడుతో అల్యూమినియం ఆ అల్లికలో ఇముడుతుంది. ఇనుము, టైటానియం, భాస్వరం అంత సులువుగా ఇమడవు. బసాల్టు ద్రవం చల్లారేటప్పుడు ఏర్పడే ప్లేజియోక్లేజ్ స్ఫటికాలలో ఇనుముకు దాదాపు చోటు లేదు. అందువల్ల అనేక బసాల్టు ద్రవాలలో మిగిలిన భాగం ఇనుముతో చిక్కనవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి దిగేసరికి ఈ అవశేష ద్రవం కలిసి ఉండలేని స్థితికి చేరుతుంది. అప్పుడు ఇనుము, టైటానియం, భాస్వరం అధికంగా గల బరువైన ద్రవం ఒకటి, సిలికా, పొటాషియం అధికంగా గల తేలికైన ద్రవం మరొకటి ఏర్పడతాయి. రెండోదాని సంఘటనం గ్రానైటును పోలి ఉంటుంది. బసాల్టుకూ గ్రానైటు తరహా శిలలకూ నడుమ ఉండవలసిన మధ్యస్థ శిలలు అనేకచోట్ల ఎందుకు అరుదు అన్న పాత ప్రశ్నకు ఇది సమాధానం కాగలదా అన్నదే అసలు వివాదం.

బోవెన్ అభ్యంతరం

1927లో గ్రెగ్ సిలికేట్ ద్రవాలలో అమిశ్రణీయతను ప్రయోగశాలలో చూపాడు. కాని అది సుమారు 1,700 డిగ్రీల వద్ద కనిపించింది. ప్రకృతిలో శిలాద్రవాలకు అంతటి వేడి ఉండదు. మరుసటి సంవత్సరమే ఎన్.ఎల్. బోవెన్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని తోసిపుచ్చి, శిలావైవిధ్యానికి అంశిక స్ఫటికీకరణమే ప్రధాన కారణమని ప్రతిపాదించాడు. ఆయన తర్కం నేటికీ చెక్కుచెదరలేదు: రెండు ద్రవాలు సమతాస్థితిలో ఉంటే రెండింటినుంచీ ఒకే రకపు స్ఫటికాలు రావాలి, వాటి పాళ్లు మాత్రమే మారాలి. అప్పటివరకు సాక్ష్యాలుగా చూపిన శిలలు అనేకం ఈ పరీక్షలో నిలవలేదు. బోవెన్ పరీక్ష సరైనదే. తొందరపాటు ఉన్నదల్లా దానితో ఈ అధ్యాయం ముగిసిందనుకోవడంలోనే.

1951లో ఎడ్విన్ రోడర్ పొటాషియం, ఇనుము, అల్యూమినియం, సిలికా గల వ్యవస్థలో శిలాద్రవాలకు సహజమైన ఉష్ణోగ్రతల వద్దనే రెండు ద్రవాలను చూపాడు. ఆయనకు తిరుగులేని సాక్ష్యం చంద్రుని నుంచి వచ్చింది. 1969లో అపోలో 11 తెచ్చిన బసాల్టులను పరిశీలించి రోడర్, వైబ్లెన్ రెండు రకాల గాజు బిందువులను గుర్తించారు. ఒకటి ఇనుముతో, మరొకటి సిలికాతో నిండినవి. భూమిపై అంతకాలం సందేహాస్పదమైనది చంద్రశిలలో స్పష్టం కావడం విచిత్రమే. 1974లో దక్కను ట్రాప్ శిలలలోనూ సిలికేట్ ద్రవాల అమిశ్రణీయతను చర్చించిన పరిశోధన వెలువడింది. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల నల్లరాయి ఈ లావా విస్తృతిలోని భాగమే.

మిగలని ఆనవాలు

లావా త్వరగా గడ్డకడుతుంది కాబట్టి బిందువులు గాజులో చిక్కి నిలుస్తాయి. భూగర్భంలో వేల సంవత్సరాలు చల్లారే ద్రవంలో అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, బరువైనవి కిందికి దిగుతాయి, చివరకు రెండూ స్ఫటికాలవుతాయి. ఆ స్ఫటికాలు బోవెన్ చెప్పినట్లే ఒకే రకానివి. అంటే సిద్ధాంతం నిజమైనచోటే దాని ఆనవాలు చెరిగిపోతుంది.

తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కేర్‌గార్డ్ అంతస్సర్పిత శిలారాశిపై వాదన ఇందుకే దశాబ్దాలు సాగింది. అంశిక స్ఫటికీకరణానికి ఆదర్శ ఉదాహరణగా పాఠ్యగ్రంథాలకెక్కిన ఆ శిలలోనే, అపటైట్ స్ఫటికాలలో బందీలైన రెండు రకాల ద్రవబిందువుల అవశేషాలను 2005లో వెల్లడించారు. స్ఫటికం చుట్టూ మూసుకోవడంవల్లే అవి మిగిలాయి.

గంధక ద్రవాల విషయంలో ఇటువంటి వివాదం లేదు. కెనడాలోని సడ్‌బరీలో నికెల్, రాగిని ఇముడ్చుకొన్న సల్ఫైడ్ ద్రవం సిలికేట్ ద్రవం నుంచి విడిపోయి అడుగుకు చేరింది. సిలికేట్ల విషయంలో తేలవలసినది పరిమాణమే. విభజన సాధారణంగా చివరి దశలో, అధికభాగం గట్టిపడిన తర్వాత జరుగుతుంది. పైగా సిలికా అధికంగా గల ద్రవం చాలా జిగట. స్ఫటికాల నడుమ ఇరుకైన ఖాళీలలో అలాంటి ద్రవం ఎంత దూరం కదిలి, ఎంత శిలగా పోగుపడగలదన్నదానిపైనే ప్రస్తుత చర్చ నడుస్తోంది.