ముఖానికి పూసేది, తలకు చుట్టేది

మార్చి సగం దాటిందంటే లింగాలలో ఎండ ముదిరినట్టే. నల్లమల అంచున ఉన్న ఊరు కదా, చల్లగా ఉంటుందని పట్నం వాళ్లు అనుకుంటారు. కానీ వేసవిలో ఆ అడవిలో చాలా చెట్లకు ఆకు ఉండదు, కింద నీడా ఉండదు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో హిందువులైనా ముస్లిములైనా ఎండతో తరతరాలుగా కాపురం చేస్తున్నవారే. తలకు తువ్వాలు, కడుపులో చల్ల, జేబులో ఉల్లిగడ్డ. వారికి తెలిసిన రక్షణ ఇదే.

ఇప్పుడు ఇళ్లలోకి ఒక కొత్త వస్తువు వచ్చింది. హైదరాబాదులో చదువుకునే ఆడపిల్ల సెలవులకు వస్తూ సంచిలో సన్‌స్క్రీన్ ట్యూబు తెచ్చుకుంటోంది. దాంతో ఇంట్లో ప్రశ్నలు మొదలవుతున్నాయి. "మేము పొలంలో పుట్టి పెరిగాం, ఏం పూసుకున్నాం?" అంటుంది దాదీమా. "అందులో మందులు నెత్తురులోకి దిగుతాయట, క్యాన్సర్ వస్తుందట" అంటాడు ఫోనులో ఏదో చూసిన తమ్ముడు. "అది పూసుకుంటే వుజూ అవుతుందా?" అని అమ్మీ అడుగుతుంది. ఈ మూడు అనుమానాలూ తీసిపారేసేవి కావు. అయితే అనుమానపడవలసిన అసలు వస్తువు మరొకటి ఉందని, దానిని ఎవరూ అనుమానించడం లేదని మా బాధ. దాని సంగతికి చివరన వస్తాం.

ముందు నెత్తురు సంగతి. తమ్ముడు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. 2019 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 24 మంది ఆరోగ్యవంతుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. శరీరంలో నాలుగింట మూడు వంతుల చర్మానికి రోజుకు నాలుగుసార్ల చొప్పున నాలుగు రోజులు సన్‌స్క్రీన్ పూశారు. ఆక్సీబెంజోన్, ఎవోబెంజోన్ వంటి రసాయనాలు నెత్తురులోకి చేరాయని, ఆ సంస్థ పెట్టుకున్న హద్దును దాటాయని తేలింది. 2020 జనవరిలో మరో పరీక్ష కూడా ఇదే చెప్పింది. అయితే ఆ హద్దు విషానికి పెట్టిన హద్దు కాదు. అది దాటితే ఆ రసాయనం మీద ఇంకా లోతైన పరీక్షలు జరపాలి అని మాత్రమే దాని అర్థం. హాని జరిగినట్టు ఆ పరీక్షల్లో తేలలేదు. సన్‌స్క్రీన్ మానేయమని ఆ సంస్థ చెప్పలేదు కూడా. ఈ రెండో సగం మాత్రం ఫోన్లలో తిరగదు.

క్యాన్సర్ మాట ఎక్కడిదంటే, 2021లో అమెరికాలో కొన్ని స్ప్రే రకాల సన్‌స్క్రీన్లలో బెంజీన్ అనే విషపదార్థం బయటపడింది. కంపెనీలు వాటిని బజారు నుంచి వెనక్కి తీసుకున్నాయి. బెంజీన్ సన్‌స్క్రీన్‌లో కలిపే దినుసు కాదు, తయారీలో చేరిన కల్తీ. మరో సంగతి కూడా చెప్పాలి. 2025లో ఆస్ట్రేలియాలో ఒక వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్లను పరీక్షించగా 16 రకాలు డబ్బా మీద రాసుకున్నంత రక్షణ ఇవ్వలేదు. 50కి పైగా అని రాసుకున్న ఒక రకం 4 దగ్గరే ఆగిపోయింది. కాబట్టి కంపెనీల మాటను అనుమానించడం తప్పేమీ కాదు. మేమైతే అది వినియోగదారుడి హక్కు అంటాం.

మరి దీనివల్ల మేలు లేదా? అదే ఆస్ట్రేలియాలో నంబోర్ అనే పట్టణంలో 1992 నుంచి 1996 వరకు 1,600 మందికి పైగా మనుషుల మీద పరిశీలన జరిగింది. రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్న వారిలో ఒక రకం చర్మక్యాన్సర్ సుమారు నూటికి 40 వంతులు తగ్గింది. కానీ వాళ్లు తెల్లతోలు మనుషులు. మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం అల్లాహ్ పుట్టుకతో ఇచ్చిన గొడుగు. మన దేశంలో చర్మక్యాన్సర్ తక్కువగా ఉండడానికి అదొక ముఖ్య కారణం. ఆ లెక్కన దాదీమా మాటలో పస ఉంది. పల్లి చేలో కలుపు తీసే మనిషికి క్యాన్సర్ భయం చూపి ట్యూబు అమ్మడం న్యాయం కాదు.

ఖర్చు కూడా చూడండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున క్రీము పూస్తేనే డబ్బా మీది రక్షణ దొరుకుతుంది. రెండు గంటలకు మళ్లీ పూయాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అనుకున్నా 50 గ్రాముల ట్యూబు మూడు వారాలు రావడం కష్టం. బఠాణీ గింజంత తీసి ముఖమంతా అలికేవారికి అందే రక్షణ స్వల్పమే.

అయినా కొందరికి ఇది నిజంగా అవసరం. కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చిన తల్లులకు, బొల్లి మచ్చలున్నవారికి, పుట్టుకతోనే చర్మంలో రంగు లేనివారికి, ఎండ తగిలితే ముఖం మీద దద్దుర్లు లేచే లూపస్ రోగులకు వైద్యులు దీన్ని రాస్తారు. రసాయనాల భయం ఉన్నవారు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రకాన్ని అడిగి తీసుకోవచ్చు. అమెరికా సంస్థ 2019లో సురక్షితమని ప్రతిపాదించినవి ఈ రెండే. ముఖం మీద కాస్త తెల్లగా కనిపిస్తుంది, అంతే.

ఇక అమ్మీ ప్రశ్న. వుజూలో నీరు చర్మానికి తగలాలి, అది షరతు. గోళ్ల రంగులాగా, మైనంలాగా పొర కట్టి నీటిని ఆపేది ఏదైనా ఉంటే దానిని తీసివేయాలి. నూనె, మామూలు క్రీము వంటివి చర్మం మీద జిడ్డుగా ఉన్నా పొర కట్టవు కనుక వుజూకు అడ్డు కావని ధర్మవేత్తలు చెబుతారు. అయితే 'నీటికి చెదరదు' అని రాసి అమ్మే చిక్కటి రకాల విషయంలో సబ్బుతో ఓసారి కడుక్కోవడం మనసుకు నిబ్బరం. అప్పటికీ సందేహం తీరకపోతే ఆ ట్యూబునే పట్టుకుపోయి మస్జిదులో ఆలిమ్‌కు చూపించి అడగడం మంచిది. మాకు ఇందులో మరో సౌలభ్యం కనిపిస్తోంది. రెండు గంటలకోసారి క్రీము పూయాలన్న మాట ఎవరికీ గుర్తుండదు. నమాజు చేసే ఇంట్లో జుహర్‌కు, అసర్‌కు ముఖం ఎలాగూ కడుగుతారు. వుజూ చేసి, నమాజు ముగించి, బయటికి వెళ్లే పని ఉంటే మళ్లీ పూసుకోవచ్చు. గడియారం చూసే పనే లేదు.

ట్యూబు మీద 'ఆల్కహాల్' అన్న మాట చూసి కంగారు పడేవారూ ఉన్నారు. సెటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అన్నవి మైనం లాంటి గట్టి పదార్థాలు. వాటికి సారాతో సంబంధం లేదు, మత్తు ఉండదు.

క్రీము గొడవ ఇలా ఉంటే, గుడ్డను మనం మరిచిపోతున్నాం. దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ నీడలను, వేడి నుంచి కాపాడే దుస్తులను కూడా పేర్కొన్నాడు. దగ్గరగా నేసిన పొడిగుడ్డ అతినీలలోహిత కిరణాలను ఏ క్రీము కన్నా నమ్మకంగా ఆపుతుంది. అది రెండు గంటలకు కరిగిపోదు, కొన్న తర్వాత మళ్లీ ఖర్చు ఉండదు. మరి నల్ల బురఖాలో ఉడికిపోమా అని చెల్లెళ్లు అడుగుతారు. సినాయి ప్రాంతపు బదూయీలు మండుటెండలో నల్ల అంగీలు ఎందుకు తొడుగుతారో తేల్చడానికి శాస్త్రవేత్తలు జరిపిన పరీక్ష 1980లో 'నేచర్' పత్రికలో వచ్చింది. నల్ల అంగీ వేసుకున్నా తెల్ల అంగీ వేసుకున్నా ఒంటికి చేరిన వేడి ఒక్కటేనని తేలింది. గుడ్డ నలుపే అయినా అంగీ వదులుగా ఉండి లోపల గాలి ఆడడమే కారణం. అంటే చిక్కు రంగులో లేదు. ఒంటికి అంటుకునే నైలాను గుడ్డలో ఉంది. వదులైన నూలు బురఖా కుట్టించుకోండి.

పాలమూరు ఎండ అసలు దెబ్బ తీసేది చర్మాన్ని కాదు, కంటిని. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల పది వేలమందికి పైగా కళ్లను పరీక్షించింది. ఆ నాలుగింటిలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. 30 ఏళ్లు దాటిన వారిలో నూటికి దాదాపు 12 మందికి కంట్లో కండ పెరిగి ఉంది. పల్లెల్లో ఉండేవారిలో, ఎండలో పని చేసేవారిలో అది ఎక్కువ. ఆ కండ నల్లగుడ్డు మీదికి పాకితే చూపు మసకబారుతుంది. దీనికి ఏ ట్యూబూ పనికిరాదు. వెడల్పు అంచు టోపీ, ముఖం మీదికి వాలేలా చుట్టిన తువ్వాలు, వీలైతే అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలు కావాలి. నమాజు టోపీకి అంచు ఉండదు కదా, దాని మీద తువ్వాలు చుట్టుకోవడానికి మొహమాటం దేనికి?

వడదెబ్బ సంగతి వేరు. దానికి కారణం వేడి, అతినీలలోహిత కిరణాలు కాదు. ఎంత క్రీము పూసినా వడదెబ్బ ఆగదు. ఉల్లిగడ్డ జేబులో ఉన్నా ఆగదు, ముక్కలు కోసి చల్లలో వేసుకుంటే నయం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. 2024 జూన్‌లో హజ్ సమయంలో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది యాత్రికులు మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో ఎక్కువమంది అనుమతి పత్రం లేక, చలువ గుడారాలు దొరక్క ఎండలో నడిచినవారు. ఇహ్రాంలో పురుషుడు తలకు టోపీ, తలపాగా పెట్టకూడదు గానీ గొడుగు పట్టుకోవచ్చు. క్రీము పూయదలచుకుంటే సువాసన లేనిదే పూయాలి. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో జుహర్ నమాజును కాస్త చల్లబడేవరకు ఆపుకోవచ్చని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆరాధనకే ఈ వెసులుబాటు ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం కూలీలను చేలో నిలబెట్టే ఆసామి ఆలోచించుకోవాలి. పడిపోయిన మనిషి మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోను చేయాలి.

ఇప్పుడు ఆ అసలు వస్తువు సంగతి. సన్‌స్క్రీన్‌ను అనుమానించే ఇంట్లోనే అలమర మీద మరో డబ్బా ఉంటుంది. దాని మీద తయారీదారు చిరునామా ఉండదు, దినుసుల పట్టిక ఉండదు. "వారంలో ముఖం తెల్లబడుతుంది" అని చెప్పి అమ్ముతారు. నిఖా కుదిరిన పిల్లకు వదినె తెచ్చి ఇస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 వరకు మూత్రపిండాల జబ్బుతో వచ్చిన రోగులను వైద్యులు ఆరా తీస్తే, వారిలో పలువురు ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినట్టు బయటపడింది. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. పాదరసం చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాల వడపోతను చెడగొడుతుంది. దాని సమ్మేళనాలు కలిపి సౌందర్య సాధనాలు తయారు చేయడాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముడుపోతున్నాయి.

మరో రకం మందుల దుకాణంలోనే దొరుకుతుంది. అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్ర నరాలు తేలి, మానేస్తే మంటలు పుడతాయి. ఎండ సోకితే ఆ ముఖం ఇంకా నల్లబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడగని దుకాణాలు ఎన్ని ఉన్నాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

కాబట్టి ఆ డబ్బాలను ఒకసారి కిందికి దించి చూడండి. చిరునామా, దినుసులు లేనిదాన్ని పారేయండి. దినుసుల్లో బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే వైద్యుని అడగండి. చాలాకాలంగా వాడుతుంటే ఉన్నట్టుండి మానకుండా ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలి. తెల్లబరిచే క్రీము వాడే పిల్లకు పొద్దున లేచేసరికి కళ్ల కింద వాపు కనిపించినా, పాదాలు ఉబ్బినా, మూత్రంలో నురగ ఎక్కువగా వచ్చినా క్రీము ఆపి ఆసుపత్రిలో మూత్ర పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఆ డబ్బాను కూడా తీసుకువెళ్లి వైద్యునికి చూపించండి.