సెల్ ఫోనులో నిందలు, బెదిరింపులు: ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనవలసిన బాధ్యత ఎవరిది?

విశాఖపట్టణపు ఓడరేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారిలో అనేకులు చుట్టుప్రక్కల పల్లెలనుండి దినదినము వచ్చి పోవుచుందురు. వారితోపాటు పట్టణపు మాటలును పల్లెకు చేరుచుండును. పూర్వము రచ్చబండ కడ పుట్టిన నింద ఊరి పొలిమేర దాటుటకు కొన్ని దినములు పట్టెడిది. నేడు గాజువాకలో నొకడు సెల్ ఫోనులో వ్రాసిన మాట మరుక్షణమే అనకాపల్లిలోను, దూరదేశములందున్న బంధువుల యొద్దను కనబడుచున్నది.

ఇట్టి నిందకో బెదిరింపునకో గురియైనవారు మొట్టమొదట వచ్చునది సర్పంచి యింటికి, లేదా వార్డు సభ్యుని యింటికి. ఠాణాకు పోగా ‘ఇది మా పని కాదు, కోర్టుకు పొండు’ అని త్రిప్పి పంపిరని వారు వాపోవుటయు కలదు. ఆ సమాధానము కొన్ని సందర్భములలో చట్టసమ్మతమే. అనేక సందర్భములలో కాదు. ఏది ఎప్పుడో పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

చట్టము నేరములను రెండు కోవలుగా విభజించినది. మొదటి కోవ నేరములను పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకయే దర్యాప్తు చేయవచ్చును. వీనిని కాగ్నిజబుల్ నేరములందురు. రెండవ కోవ నేరములను మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే దర్యాప్తు చేయరాదు. 2024 జులై 1వ తేదీనుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినను, ఈ విభజన మారలేదు.

కేవలము పరువునష్టము రెండవ కోవలోనిది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను క్రింద దీనికి రెండు సంవత్సరముల వరకు సాధారణ కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని, లేదా సమాజసేవ గాని విధింపవచ్చును. నిందకు గురియైన వ్యక్తి తానే మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయవలెను. పరువునష్టము విషయమున పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదని సుప్రీం కోర్టు 2016 మే నెలలో సుబ్రహ్మణ్యస్వామి కేసులో స్పష్టపరచినది. కనుక ‘ఫలానావాడు లంచగొండి’ యని ఎవరో వాట్సాప్‌లో వ్రాసినంత మాత్రమున ఠాణావారు కేసు పెట్టలేదని కోపగించుట న్యాయము కాదు.

అట్లని వట్టి చేతులతో పంపివేయుటయు చట్టము కాదు. సురక్షా సంహిత 174వ సెక్షను ప్రకారము ఠాణా అధికారి ఆ సమాచారపు సారాంశమును పుస్తకములో వ్రాసికొని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు కడకు పొమ్మని చెప్పవలెను. ఇట్టి కేసుల డైరీ నివేదికను పదునైదు దినముల కొకమారు మేజిస్ట్రేటునకు పంపవలెను. ‘పుస్తకములో వ్రాసితిరా?’ యని అడుగుట ఫిర్యాదుదారు హక్కు.

ఇక బెదిరింపు. కేవలము బెదిరించుట కేంద్ర చట్టపు పట్టికలో రెండవ కోవకే చెందియున్నది. కాని బెదిరింపు సామాన్యముగా ఒంటరిగా రాదు. ‘ఇంత సొమ్ము పంపకున్న నీ ఫొటోలు ఊరంతటికి పంపెద’ నన్నచో అది బలవంతపు వసూలు, మొదటి కోవలోనిది. స్త్రీ వలదన్నను మరల మరల సందేశములు పంపుచు వెంటబడుట 78వ సెక్షను క్రిందను, మాటలతో ఆమె మర్యాదకు భంగము కలిగించుట 79వ సెక్షను క్రిందను మొదటి కోవలోనివే. ఒకరి పేరిట దొంగ ఖాతా తెరచి ఇతరులను మోసగించుట, మరుగున నుండవలసిన దేహభాగముల చిత్రములను అనుమతి లేక తీసి పంపుట, అశ్లీల చిత్రములను ప్రచారము చేయుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరములు. ఆ చట్టములో మూడేండ్లు గాని, అంతకు మించి గాని శిక్ష గల ప్రతి నేరమును పోలీసులు తామై చేపట్టదగినదేయని 77బి సెక్షను చెప్పుచున్నది. దర్యాప్తు చేయువారు ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువ కారాదు.

ఇచ్చట సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలసిన నియమ మొకటి కలదు. ఒకే ఫిర్యాదులో పలు నేరములుండి, వానిలో ఒక్కటి మొదటి కోవకు చెందినను, మొత్తము కేసును మొదటి కోవకు చెందినదిగనే భావింపవలెను. ఉక్కు కర్మాగారములో పనిచేయు నొకని పేరిట ఎవరో దొంగ ఖాతా తెరచి, అతని భార్య ముఖమును అసభ్య చిత్రమునకు తగిలించి, ఊరి వాట్సాప్ గుంపులో వేసిరనుకొందము. ఇందు పరువునష్ట మున్నది, చిత్రపు నేరమును ఉన్నది. ‘ఇది పరువునష్టమే గదా’ యని త్రిప్పి పంపుటకు వీలు లేదు.

మొదటి కోవ నేరము ఫిర్యాదులో కనబడినచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట తప్పనిసరియని సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2013 నవంబరు 12వ తేదీన లలితాకుమారి కేసులో తీర్పు చెప్పినది. క్రొత్త చట్టములో కొంత వెసులుబాటు చేర్చిరి. మూడేండ్లు మొదలు ఏడేండ్లకు లోపు శిక్ష గల నేరములలో డి.ఎస్.పి. అనుమతితో పదునాలుగు దినములలోపల ప్రాథమిక విచారణ జరుపవచ్చును. సెల్ ఫోను నేరములలో చాల భాగము ఈ హద్దులోనే యుండుటచే ఈ మాట తరచుగా వినవచ్చును. విచారణ యనగా నిరాకరణ కాదు. పదునాలుగు దినములు గడచిన పిమ్మట ఏమి తేలినదో అడుగవచ్చును, అడుగవలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారిని కులము పేరుతో అవమానించిన కేసులలో ప్రాథమిక విచారణ అవసరము లేదని 1989 సంవత్సరపు అత్యాచార నిరోధక చట్టములో 2018లో చేర్చిన 18ఎ సెక్షను చెప్పుచున్నది. అట్టి ఫిర్యాదును బుద్ధిపూర్వకముగా వ్రాసికొనని అధికారి, తాను ఆ వర్గములకు చెందనివాడైనచో, స్వయముగా శిక్షకు పాత్రుడగును.

ఫిర్యాదు నమోదైనంతనే పని నెరవేరదని చూపు ఉదంత మొకటి మన రాష్ట్రముననే జరిగినది. 2020 మే నెలలో విశాఖపట్టణమున ఒక ప్రభుత్వ వైద్యుని పట్ల పోలీసులు ప్రవర్తించిన తీరుపై హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించినది. ఆ దినములలోనే ఇట్టి తీర్పులను పురస్కరించుకొని న్యాయమూర్తులపై దూషణలు, బెదిరింపులు ఫేస్‌బుక్ మొదలగువానిలో వెలువడినవి. హైకోర్టు పక్షమున ఫిర్యాదులందగా రాష్ట్ర సి.ఐ.డి. కేసులు నమోదు చేసినది గాని దర్యాప్తు తృప్తికరముగా సాగలేదు. హైకోర్టు తానే పిటిషనరుగా నిలువవలసి వచ్చినది. తుదకు 2020 అక్టోబరులో ఆ కేసులను సి.బి.ఐ.కి అప్పగించిరి. ఉన్నత న్యాయస్థానమునకే ఇన్ని మెట్లు ఎక్కవలసివచ్చినపుడు, సామాన్య గ్రామస్థునకు తోడుగా పంచాయతీ సభ్యుడొకడు ఠాణాకు పోవుట ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

ఆ మే నెలలోనే మరియొకటి జరిగినది. 7వ తేదీన విశాఖపట్టణము నందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి పలువురు మరణించిరి. ఆ ప్రమాదమును గూర్చి ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన గుంటూరు వృద్ధురాలొకరికి సి.ఐ.డి. కేసు పెట్టి నోటీసు ఇచ్చినది. ప్రశ్నించుట వేరు, నిందించుట వేరు. పంచాయతీ రోడ్డు పనిలో లోపమున్నదని గ్రామస్థుడు వ్రాసిన, సభ్యులు నొచ్చుకొనవచ్చును గాని, ఠాణాకు పరుగిడరాదు. ప్రభుత్వోద్యోగి తన అధికార విధులలో ప్రవర్తించిన తీరుపై సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయము పరువునష్టము కాదని 356వ సెక్షనే మినహాయించినది. ‘చికాకు కలిగించు’ సందేశములను నేరముగా చేసిన 66ఎ సెక్షనును సుప్రీం కోర్టు 2015 మార్చి 24వ తేదీననే కొట్టివేసినది. అటుపిమ్మటను కొన్ని చోట్ల ఆ సెక్షను క్రింద కేసులు పెట్టుచుండగా, అట్లు ఎవరిని ప్రాసిక్యూట్ చేయరాదని 2022 అక్టోబరులో మరల ఆదేశింపవలసి వచ్చినది!

ఠాణాకు పోవునపుడు సరిహద్దు తగవు రానీయరాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప విశాఖపట్టణము, అనకాపల్లి వేరు వేరు జిల్లాలైనవి. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మీయవచ్చునని 173వ సెక్షను చెప్పుచున్నది. నోటితో చెప్పినను వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ఎలక్ట్రానిక్ పద్ధతిని పంపిన ఫిర్యాదుపై మూడు దినములలో పోయి సంతకము చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఈయవలెను.

నిరాకరించినచో ఫిర్యాదు సారాంశమును జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలా ద్వారా పంపవలెను. విశాఖ నగర పరిధిలో నైనచో పోలీసు కమిషనరు కార్యాలయమునకు. రిజిస్టరు తపాలాలో పంపి రసీదును భద్రపరచుట మంచిది. అచ్చటను ఫలితము లేకున్న, ప్రమాణపత్రముతో మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సూపరింటెండెంటునకు వ్రాయక నేరుగా కోర్టుకు పోయిన దరఖాస్తు నిలువదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేక జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును. ఆ సంస్థ టెలిఫోను సంఖ్య 15100.

సాక్ష్యము మాట మరువరాదు. కోపముతో సందేశమును చెరపివేయుట చాలమంది చేయు పొరపాటు. దానిని చెరపక, తేదీ, సమయము, పంపినవాని సంఖ్య, ఖాతా పేరు, గుంపు పేరు కనబడునట్లు తెరచిత్రము తీసి యుంచవలెను. సందేశము వచ్చిన ఫోనును మార్చరాదు, అమ్మరాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ధ్రువపత్రము జతపరచవలెను. అందొక భాగమును ఆ ఫోను ఎవరి యధీనమున నున్నదో వారును, రెండవ భాగమును నిపుణుడును సంతకము చేయవలెను. ‘చూడుడు, ఎంత దారుణముగా వ్రాసిరో’ యని ఆ నిందనే మరి పది మందికి పంపువారు కలరు. అట్లు పంపినవారును ప్రచురించినవారి క్రిందనే జమకట్టబడుదురు.